ఫ్రిజ్‌తో చెప్పిన జాగ్రత్త

అక్టోబర్ 3, 2023

కొత్త ట్రిగ్గర్లు వచ్చాయి. అట్టపెట్టె నిండా చిన్న చిన్న కవర్లు, ఒక్కో దాంట్లో వేలెడంత సర్క్యూట్ బోర్డు, పక్కన వైర్ల చుట్ట. ముదీర్, అంటే మా ఆట తుపాకుల ఎరీనా మేనేజర్, అన్నీ నా బల్లమీద కుమ్మరించి, "మల్లేశ్, పహలే ఛోటేవాలే. టోర్నమెంట్ సే పహలే ఖలాస్ కర్‌నా" అన్నాడు. పొట్టి తుపాకులు ముందట, టోర్నమెంట్ లోపే అన్నీ అయిపోవాలట! పొడుగు తుపాకీలో వేళ్లు ఆడేంత చోటు ఉంటుంది. పొట్టిదాంట్లో బ్యాటరీకే దిక్కు లేదు. ఆ మాటే అంటే నవ్వి భుజం తట్టిపోయాడు. తట్టడానికి భుజాలుంటే చాలు ఈయనకి.

అక్టోబర్ 5

మొదటిది బిగించాను. పొట్ట విప్పి, పాత రాగి రేకులు పీకేశాను. ఆటకొచ్చిన వాళ్లు నొక్కీ నొక్కీ నల్లగా మాడిపోయాయి. ఆ చోట బోర్డు కూర్చోబెట్టాను. ఇకపై రేకులు తగలడం లేదు, ట్రిగ్గర్ కదిలిందో లేదో ఒక చిన్న లైటు చూసుకుంటుంది. మూత వేస్తే వైరు నలిగింది. మళ్లీ విప్పాను. స్ప్రింగు ఎగిరి ఫ్యాన్ వెనక పడింది. డేరా బజారులో ఫోన్లు బాగుచేసిన రోజుల్లో కూడా ఇంత నలకల పని చెయ్యలేదు.

సాయంత్రానికి పలికింది. ఆడేది బొమ్మ తుపాకీ, పేలేది ప్లాస్టిక్ గుండు... అయినా ఆ మొదటి 'టక్' వింటే ఎంత సంతోషమేసిందో. చెప్పుకోవడానికి మనిషి లేడు. ఉన్నవాడికి నేను చెప్పను.

అక్టోబర్ 6, శుక్రవారం

ఉన్నవాడు — ప్రసాద్. మా ఎరీనాలో మార్షల్. ఆట ఆడిస్తాడు, విజిల్ ఊదుతాడు, ఆట అయ్యాక తుపాకులు ఖాళీ చేసి నాకు అప్పజెప్తాడు. అది చాలదన్నట్టు దుబాయ్‌లో ఈ సత్వా రూములో నా ఎదురు పై మంచం కూడా వాడిదే. పొద్దున లేస్తే ఆ మొహం, పనికెళ్తే ఆ మొహం. గోదావరి మనిషి. మాటకు ముందు 'ఆయ్', చివర 'అండి', మధ్యలో విషం.

మార్చి నుంచి మాకు మాటల్లేవు.

అక్టోబర్ 8

లావణ్యకు ఫోన్ చేశాను. "భోజనం చేశారా? ఆరోగ్యం జాగ్రత్త. ఉంటాను." అంతే. నా పెళ్లాం టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడుతోంది నాతో. ఏడు నెలలుగా ఇదే భాష.

అంతకుముందు అరిచేది, తిట్టేది, నవ్వేది. మార్చిలో ఆ రోజు స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాను. "బర్రె ఈనింది. జున్నువాలు పక్కింటోళ్లకు వోసిన. నువ్వుంటే గిన్నె నాకుతుంటివి గదా" అని నవ్వింది. పై మంచం మీంచి ప్రసాద్ రికార్డు చేశాడు. ఆమె గొంతు పెట్టి, వెనకే దాన్ని తన గొంతుతో వెక్కిరించి, ముక్కుతో మా యాస పలికి, వీడియో చేసి వదిలాడు. ఎక్కడో అబుదాబిలో మఫ్రఖ్ లేబర్ క్యాంపులో నాకు ముక్కూమొహం తెలియని వాడు కూడా "గిన్నె నాకుతవా మల్లేశం?" అని పిలిచాడు. ఊళ్లోనూ చూశారు. లావణ్య ఒక్కటే అంది: "నలుగుట్ల నన్ను నవ్వులపాలు జేసినవ్."

నేను చేశానా!

వాణ్ని నిలదీస్తే, "సరదాకండీ బాబూ, దానికింత రాద్ధాంతం ఏంటండీ?" అన్నాడు. అదే ఆఖరి మాట. ఫోన్‌లో కూడా వాణ్ని బ్లాక్ చేశాను.

అక్టోబర్ 12

పొట్టివి సగం అయ్యాయి. చేతి వేళ్లన్నీ టంకం కాల్చిన మచ్చలే.

రూములో వంట గొడవ. మూడో మంచం రహీం భాయ్, లాండ్రీ వ్యాను నడుపుతాడు, నిజామాబాద్ మనిషి. పాపం ఆయనే మాకు పోస్ట్‌మన్. "రహీం భాయ్, ఇయ్యాల కూర వానిదని చెప్పు." "ఆయ్, రహీం గారూ, ఎప్పుడో చేసేసేనని చెప్పండి ఆయనకి." ఇద్దరం అదే గదిలో, అదే చాప మీద. ఆయన మధ్యలో రొట్టె తుంచుకుంటూ, "అరే యార్, మీ ఇద్దర్కన్నా నా వ్యానే నయం, హారన్ గొడ్తే పలుకుతది" అన్నాడు. వాడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. వాడు నవ్విన దానికి నేను నవ్వను.

అక్టోబర్ 15

ముదీర్‌కి కొత్త పిచ్చి. వేరే ఎరీనాలో ట్రిగ్గర్ ముట్టుకుంటే చాలు పేలుతుందట, మన దగ్గర లేటుగా ఉందని ఎవడో కస్టమర్ అన్నాడట. ఈ బోర్డుల్లో ఆ సెట్టింగ్ ఉంది. ఒక గుండు పేలగానే మోటారు మళ్లీ స్ప్రింగును లాగి పట్టుకుని కూర్చుంటుంది, తర్వాతి గుండు సిద్ధంగా ఉంటుంది.

వద్దన్నాను. లాగిన స్ప్రింగును ఆపేది లోపలి చిన్న కొక్కెం ఒక్కటే. మా తుపాకుల్లో ఆ కొక్కేలు అరిగిపోయాయి. ముందు అవి మార్చాలన్నాను. "పార్ట్స్ ఆ రహా హై" అన్నాడు. ఎండాకాలం నుంచి వస్తూనే ఉన్నాయి.

పెట్టాను. ఏం చేస్తాను.

అక్టోబర్ 16

మనసులో ఒకటి గుచ్చుతోంది. ఇక్కడ అందరికీ ఒకటే లెక్క — బ్యాటరీ పీకితే తుపాకీ చచ్చినట్టే. ఇన్నాళ్లూ అది నిజం. ప్రసాదూ అదే చేస్తాడు. ఆట అవగానే బ్యాటరీ పీకి, మాస్కు నెత్తిమీదకు తోసి, గొట్టానికి కన్ను ఆనించి ట్యూబులైటు వైపు చూస్తాడు, లోపల గుండు ఇరుక్కుందేమోనని. కొత్త సెట్టింగుతో బ్యాటరీ లేకపోయినా స్ప్రింగు లాగి పట్టినట్టే ఉంటుంది. ముందు గుళ్లుండే మ్యాగజైన్ తీసి, ఇసుక డబ్బాలోకి పెట్టి ట్రిగ్గర్ కాసేపు నొక్కి పట్టాలి. అప్పుడు స్ప్రింగు వదులుతుంది. బ్యాటరీ ఆ తర్వాతే తీయాలి.

ముదీర్‌తో చెప్పాను, మీరు చెప్పండి వాడికని. "తూ హీ బోల్ నా, తేరా రూమ్‌మేట్ హై!" నా రూమ్‌మేటే కాబట్టి నేనే చెప్పాలట.

కాగితం రాసి గోడకు అతికించొచ్చు. వాడి కోసం నా చేత్తో ఒక్క అక్షరం రాయను.

అక్టోబర్ 18

చెప్పేశాను. రహీం భాయ్ ఫుజైరా వెళ్లాడు, పోస్ట్‌మన్ లేడు. పొద్దున వాడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నేను ఫ్రిజ్ తలుపు తీసి, ఫ్రిజ్‌తోనే అన్నాను: "కొత్త ట్రిగ్గర్లు వెట్టిన తుపాకులు బ్యాటరీ తీసినా సావయ్. ముందుగాల ఇసుక డబ్బలకు వెట్టి ట్రిగ్గర్ గట్టిగ వట్టుకోవాలె. స్ప్రింగు ఇడిశినంకనే బ్యాటరీ తియ్యాలె. అప్పటిదాంక మొకం మీది మాస్కు తియ్యద్దు."

వాడు ఫోన్‌లో పాట సౌండ్ పెంచాడు. ఇస్త్రీ అయిన చొక్కా చేతినే మళ్లీ ఇస్త్రీ చేశాడు. పెరుగు డబ్బా తీసుకుని తలుపేశాను.

నా పని అయిపోయింది.

అక్టోబర్ 20

అన్నీ బిగించాను. ఒక్కటి కూడా మొరాయించలేదు. రేపే టోర్నమెంట్. బాగా చేశావని ఒక్కడూ అనలేదు.

అక్టోబర్ 21

వాడికి తగిలింది. కంటికి.

అక్టోబర్ 22

రాయాలి. నిన్న జరిగింది జరిగినట్టు.

మధ్యాహ్నం, రెండు ఆటల మధ్య. నేను వర్క్‌షాప్ కిటికీ ఇవతల. వాడు బ్యాటరీ పీకాడు. మాస్కు పైకి తోశాడు. కన్ను ఆనించాడు, ఏమీ కనపడలేదేమో, గొట్టం మొహం మీదే ఉంచుకుని రెండో చేత్తో తుపాకీని తట్టాడు. మోటారు చప్పుడు లేదు. ఉత్త 'టక్'. కొక్కెం జారింది. "అమ్మా" అని కింద కూర్చున్నాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు, కొంచెం ఎరుపు.

కిటికీ ఇవతల నేను నోరు తెరిచానా? తెరిచాను, వాడు కన్ను ఆనించినప్పుడే. ఏమని పిలవాలో తోచలేదు. ఏడు నెలలుగా పిలవలేదు కదా. 'ఏయ్' అనొచ్చు. ఆ 'ఏయ్' కూడా అనలేదు.

మంచిగైంది అనుకున్నాను. ఒక్క క్షణం. అబద్ధమెందుకు రాయాలి, అనుకున్నాను.

కన్ను లోపల రక్తం దిగిందట. చూపు ఉంటుందో లేదో ఇప్పుడే చెప్పలేరట.

అక్టోబర్ 23

ముదీర్ గదిలో. "ఉస్‌కో బోలా థా యా నహీ?" వాడికి చెప్పావా లేదా అని.

"బోలా."

"పక్కా?"

"పక్కా."

కొక్కేల సంగతి ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. గురువారం అర్బాబ్ వస్తున్నాడట, అసలు ఓనర్. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి అడుగుతాడట. చెప్పినా వినకపోతే తప్పు మార్షల్‌ది. చెప్పకపోతే తప్పు నాది. ఎవరిది తప్పయితే వాడి వీసా ఖలాస్. కొక్కేలు తెప్పించనివాడి వీసాకు మాత్రం ఏ ఢోకా లేదు. దొంగ నవ్వుల మనిషి. ఆ భుజం తట్టే చెయ్యి చూస్తే ఒళ్లు మండుతోంది.

అక్టోబర్ 24

అన్ని తుపాకుల్లోనూ ఆ సెట్టింగ్ తీసేశాను. ఎవరినీ అడగలేదు.

లావణ్య ఫోన్. ఎవరో చెప్పారట. "ఆయన కన్ను ఎలా ఉంది?" — అదే వార్తల భాష. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఆయనేంది, ఆయన? నిన్ను నవ్వులపాలు జేసినోని కన్ను సంగతి నీకెందుకే?" అని అరిచాను.

అవతలి నుంచి ఒక్కసారిగా వచ్చింది, నా లావణ్య గొంతు, మా ఊరి గొంతు: "కన్ను కన్నే గాదా! ఎవనిదైతేంది? నువ్వు వానికి జెప్పినవా లేదా, గది జెప్పు ముందు!"

"జెప్పిన."

"ఎట్ల జెప్పినవ్? మీకు మాటల్లేవంటివి గదా. ఎవలికి జెప్పినవ్?"

పెట్టేశాను. ఇన్ని నెలలు ఆ గొంతు కోసం మొహం వాచిపోయాను. వచ్చిందంటే ఇలా వచ్చింది.

అక్టోబర్ 25

హాస్పిటల్ నుంచి వాణ్ని పంపేశారు. కంటికి ప్లాస్టిక్ డిప్ప కట్టి ఉంది. రహీం భాయ్ తన కింది మంచం వాడికిచ్చి మందులకని వెళ్లాడు. ఇద్దరమే. నేను బియ్యం కడుగుతున్నాను.

"అన్నయ్యా."

వెనక్కి తిరగలేదు. నా వీపుతోనే మాట్లాడాడు.

"ముదీర్ గారు అడిగేరు. నువ్వు చెప్పేవనే చెప్పేనండి."

"ఇన్నవా నువ్వు?"

"వినకేం? మాట మాటా వినేను. బ్యాటరీ తీసినా చావవన్నావు, మాస్కు తియ్యొద్దన్నావు. అన్నీ వినేను."

"మరి దేనికి జేసినవ్ గట్ల?"

"నాతో అన్లేదు కదా. నాతో అననిది పట్టించుకుంటే నేను తగ్గినట్టు కదండీ." కంటి డిప్ప సర్దుకుని, "మొదట్లో గుర్తుంచుకునే చేసేను. టోర్నమెంట్ హడావుడిలో పాత అలవాటే వచ్చేసింది. తగ్గకూడదనుకున్నా కదా, ఎవరినీ ఇంకోసారి అడగలేకపోయేను."

గిన్నె దించి అడిగాను. నేను అడగాల్సింది అదొక్కటే. "ఆ వీడియో?"

"అప్పుడే తీసేసేనన్నయ్యా. ఏప్రిల్లోనే. వదినగారి గొంతు అలా పెట్టకూడదని తర్వాత తెలిసింది."

"మరి తీసేసినని నాకెందుకు జెప్పలే?"

"మాటల్లేవు కదండీ."

కొట్టాలనిపించింది. నిజంగా. ఒంటి కన్నుతో చూస్తున్నాడు, ఎలా కొడతాను. తప్పు ఒప్పుకుంటున్నాడా, నన్ను ఇంకా కింద పడేస్తున్నాడా తెలియడం లేదు. రేపు వాడే నా తరఫున చెప్తాడట, చెప్పాడు సార్, విన్నాను సార్ అని. ఆ డిప్ప కట్టుకుని ఊరికి పోతాడట. ఎవడడిగాడు వీడి మంచితనం? మార్చిలో ఎక్కడ పెట్టాడు దీన్ని?

అన్నం మాడింది.

అక్టోబర్ 26, గురువారం

పొద్దున. అర్బాబ్ పదింటికి వస్తాడు.

బోలా? అంటాడు. బోలా, అంటాను. వీడూ అదే అంటాడు. అందులో అబద్ధం లేదు. పని పోదు, వీసా పోదు, లావణ్యకు నెల నెలా ఏ లోటూ రాదు. నాకు ఇప్పటికీ వాడంటే కసి తగ్గలేదు, అది కూడా అబద్ధం కాదు.

ఎవరితో చెప్పావని ఆయన అడగడు. ఆ ప్రశ్న ఆయనకు తట్టదు. అది లావణ్యకే తట్టింది. ఆయన అడగకపోతే నేనే చెప్పాలి. చెప్తే సామాను సర్దుకోవాల్సింది నేను.

కింద రహీం భాయ్ వ్యాను హారన్ కొడుతోంది. వాడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "వెళ్దామా అన్నయ్యా" అంటున్నాడు, నా పేరు పెట్టి పిలిచినంత సూటిగా. ఫ్రిజ్‌తో కాదు, వాడితోనే జవాబు చెప్పాలి. ఏదో ఒకటి —