కుట్టుమిషను బేరం

నేను బాగున్నాను, కంగారుపడకు. నాకు పట్టింది పిచ్చి కాదని డాక్టరు తేల్చారు. కిడ్నీలు సరిగా పనిచేయక, ఒంట్లోని మలినాలు రక్తంలో పేరుకుని బుర్ర పాడైందట. ఆ చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టింది అందుకే. డయాలిసిస్ చేశాక తల తేటపడింది. అయినా మీ అన్నయ్యకు ఎక్కదు. నర్సు నేనేం పని చేస్తానని అడిగితే, నా ముందే "ఒకప్పుడు టైలరండి" అన్నాడు.

"నేనింకా ఇక్కడే ఉన్నాను బావా" అన్నాను.

నా కుట్టుమిషను బేరం పెట్టాడట, నువ్వూ తలూపావట. వెంటనే మానిపించు. దానిమీద వాన జల్లు పడకుండా దుప్పటి కప్పావా? అత్తయ్యను దొంగ అన్నానట, నాకు గుర్తే లేదు, కోపం పెట్టుకోవద్దని చెప్పు. తల కుదుటపడినా దిగులు కొన్నాళ్లు ఉంటుందని డాక్టరే అన్నారు. చేతిలో పని కూడా లేకపోతే దాన్ని నేను తట్టుకోలేను. పిల్లలకు దీవెనలు.