తలుపు మీది ఎర్రకాగితం

ఒరేయ్ యున్‌కై,

నీ మెసేజ్ చూశాను. ఫోన్‌లో నీ గొంతు వినడం ఇష్టంలేక ఉత్తరం రాస్తున్నాను. మా ఇంట్లో తీసిన వీడియో లక్షలమంది చూశారనీ, మన హుజౌ పట్టుకు మళ్లీ మంచిరోజులు తెస్తున్నాననీ, వచ్చే వసంతంలోనూ మా పట్టుపురుగుల గది కావాలనీ రాశావు. చదివితే ఒళ్లు మండింది.

పురుగులు పెంచే నెలలో పరాయివాళ్లెవరూ గడప తొక్కకూడదనే తలుపుకు ఎర్రకాగితం అంటిస్తాం. నా సొంత తమ్ముడైన మీ నాన్న కూడా ఆ నెలంతా వీధిలోంచే పలకరించి పోయేవాడు. నువ్వేమో నేను మల్బరీ ఆకు కోయడానికి వెళ్లిన సమయం చూసి, ఆ కాగితం ముందే ఫోటోలు దిగి, ఏ ఘాటు వాసనా పడని పురుగుల దగ్గరికి సెంటు పూసుకున్న అమ్మాయిలను లోపలికి తోలుకొచ్చావు. ఒకతి పురుగును బుగ్గకు ఆనించుకుని ఇకిలించింది.

ఆ తర్వాత పురుగులు ఆకు ముట్టలేదు. నల్లబడి కుళ్లిపోయాయి. ఆ కంపు భరిస్తూ తట్టలకెత్తి నేనే పూడ్చాను. నీకు ఫోన్ చేస్తే ఏమన్నావు? "పోతే పోనీ అత్తా, వీడియోలో బతికే ఉన్నాయిగా!"



పురుగుల నెల అయిపోయింది. ఊళ్లో అందరూ కాగితాలు పీకేసి, చుట్టాలను భోజనాలకు పిలుస్తున్నారు. మా ఇంటికీ అందరూ వచ్చిపోతున్నారు. తలుపు మీద కాగితం మాత్రం తీయలేదు. అది నీ ఒక్కడికోసం ఉంచాను.

మీ అత్త