వెండి గిన్నె దొరికిన గుంత

ప్రేమానందం అన్నకు,

చెల్లెలి వందనాలు. నీ మోకాలు ఎట్లుంది?

నిన్న పెరట్లో మల్లె అంటు నాటడానికి గుంత తవ్వుతుంటే గడ్డపారకు ఒక యూరియా సంచి తగిలింది. విప్పితే మన చర్చి వెండి గిన్నె, ప్రభు భోజనానికి వాడేది. ఎలక్షన్లప్పుడు సంఘం రెండు పార్టీలుగా చీలినప్పుడు మాయమైందే, అదే. నువ్వే ఎత్తుకుపోయి అవతలి పార్టీకి ఇచ్చినావని నీ మోకాలు విరగ్గొట్టి ఊరు దాటించినారే, ఆ గిన్నె. చర్చిలో ఇప్పటికీ స్టీలు గ్లాసే వాడుతున్నారు.

మీ బావ దాన్ని చేతిలోకి తీసుకొని తువ్వాలతో మన్ను తుడిచినాడు.

"రెండు పార్టీలోళ్ళూ గుంజుకుంటారని నేనే పూడ్చితిని. మీ అన్నను కొడతాంటే చెప్దామనుకుంటి. నోరు రాలేదు" అన్నాడు. గిన్నెను మళ్ళా సంచిలో చుట్టి, "మళ్ళా పూడ్చెయ్. ఇప్పుడు అందరూ ఒకే పార్టీలో ఉండారు. దీన్ని చూస్తే మళ్ళా రెండవుతారు" అన్నాడు.

ఆ మాటా నిజమే. నాకింక ఆలోచించే ఓపిక లేదన్నా. దెబ్బలు తిన్నది నువ్వు, నువ్వే చెప్పు. ఆదివారం ప్రభు భోజనానికి పట్టుకుపోనా, పూడ్చనా?

గుంత అట్లాగే ఉంది. నీ జవాబు వచ్చేదాకా మల్లె అంటు బకెట్లోనే ఉంటుంది.

నీ చెల్లెలు