ఒక ఆస్పత్రికి రెండు నోళ్లు

మార్చి 3, ఉదయం

అంబులెన్సు డ్రైవర్లు చూసే స్క్రీన్‌కి కోడ్ రాసే పని నాకిచ్చారు. ఏ ఆస్పత్రిలో బెడ్ ఖాళీగా ఉందో దారిలోనే తెలియాలి. ఇన్నాళ్లూ ఫోన్లు చేసి బతిమాలుకుంటున్నారు. మా అన్నయ్యా ఆ డ్రైవర్లలో ఒకడు. సమాచారానికి తాళం వేసుకుని కూర్చునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట!

మార్చి 5

స్క్రీన్‌లో రెండు భాగాలు: ఆస్పత్రుల మ్యాపు, ఖాళీ బెడ్ల లెక్క చూపే కార్డు. దేనికదే సర్వర్‌ని అడుగుతుంది, దేనికదే సబ్‌స్క్రైబ్ అయి జవాబు వింటుంది. ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడాలనే కదా నేను చదివిన ఉద్యమ కరపత్రాలన్నీ మొత్తుకునేది. మా టీమ్ లీడ్‌ని అక్క అంటాను. ఆమె చూసి, రెండూ ఒకే మాట చెబుతాయని ఏంటిరా గ్యారంటీ అంది. అది పెత్తందారీ బుద్ధి అన్నాను, మొహం మీదే. అబ్బో అని నవ్వి, ట్రయల్‌లో చూద్దాంలే అంది.

మార్చి 8, మధ్యాహ్నం

పరువు పోయింది.

ట్రయల్‌కి ఖాళీ స్ట్రెచర్‌తో అన్నయ్య బయల్దేరాడు. మ్యాపులో పచ్చచుక్క చూసి వెళ్తే, గేటు దగ్గర బెడ్లు లేవన్నారు. కార్డులో సున్నా అనే ఉంది! మ్యాపు ముందు అడిగింది, కార్డు తర్వాత. ఈలోపు ఆఖరి బెడ్ నిండింది. మ్యాపు పాత జవాబు పట్టుకుని వేలాడింది.

ఒరేయ్, నీ స్క్రీన్‌లో ఒక ఆస్పత్రికి రెండు నోళ్లేంట్రా అన్నాడు అన్నయ్య. డ్రైవర్లంతా పగలబడి నవ్వారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, స్ట్రెచర్ మీద మనిషుంటేనో అన్నాడు. ఇకమీదట స్క్రీన్ చూసినా నీకు ఫోన్ చేసి అడిగాకే బండి తిప్పుతానన్నాడు.

మార్చి 9

అన్నం సహించలేదు.

మార్చి 10

అక్క తిట్టలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. తను రాసినదానికంటే నా కోడ్‌లో కొట్టేసిందే ఎక్కువ.

ఇప్పుడు రెండింటికీ ఒకే స్ట్రీమ్, ఒకే కాలువ. సర్వర్ నుంచి కబురు రాగానే మ్యాపుకీ కార్డుకీ ఒకేసారి అందుతుంది. మ్యాపో కార్డో, ఏ కాంపోనెంట్ ఆలస్యంగా తెరుచుకున్నా దాని చేతిలో ఆఖరి కబురు పెడుతుంది. అక్క నా సబ్‌స్క్రైబ్‌లన్నీ పీకేసి, వినే పనిని స్క్రీన్ టెంప్లేట్‌లోని async పైప్‌కి అప్పజెప్పింది. స్క్రీన్ మూస్తే వినడం దానంతటదే ఆపేస్తుంది. నాదైతే మూసినా వింటూనే ఉండేది, చాడీకోరు పొరుగింటివాడిలా.

ఇందులో పెత్తందారు ఎక్కడున్నాడో చూపించు నాయనా అంది అక్క.

లేడు. ఒకరి సొత్తు కాదు. ఒకరికి ముందు, ఒకరికి వెనక కాదు. ఇంత సమానత్వం నేను ఏ కరపత్రంలోనూ చదవలేదు. క్షమించమన్నాను. ముందు టెస్టులు రాసి ఏడవమంది.

మార్చి 13

రెండో ట్రయల్. చుక్కా సున్నా కలిసే మారాయి. అయినా అన్నయ్య ప్రతి మలుపులో ఫోన్ చేశాడు. అక్క కోడ్‌ని నమ్మినా నిన్ను నమ్మడానికి టైం పడుతుందిరా అన్నాడు.

మార్చి 17, సాయంత్రం

అన్నయ్య బండిలో ఈరోజు స్ట్రెచర్ మీద నిజంగానే మనిషి. సగం దారిలో ఆస్పత్రి చుక్క ఎర్రబడింది. కార్డు సున్నా అయింది. మ్యాపులో అన్నయ్య బండి గుర్తు చౌరస్తాలో ఇంకో ఆస్పత్రి వైపు తిరిగింది.

ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. మోగలేదు.