రెండు నిమిషాలు, మెడదాకా

చిన్నోడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ముందు కిటికీ మూసి, దుప్పటి కప్పుకొని ఈ ఉత్తరం చదువు.

నీ ఉత్తరం అందింది. ఫోనులో నాకు సగం వినపడదు, మిగతా సగం ఊహించుకొని భయపడతాను కాబట్టి, రాసి మంచిపని చేశావు. ఇప్పుడు మొత్తం చదివి భయపడ్డాను.

మూడు నెలలుగా గడియారాల షాపు తెరవలేదనీ, పొద్దున్నే మంచం దిగడమే పెద్ద పనైపోయిందనీ, డాక్టరు దాన్ని డిప్రెషన్ అన్నాడనీ రాశావు. అంతవరకు అర్థమైంది. మీ అమ్మ పోయిన ఏడాది నాకూ అలాగే ఉండేది. చెల్లెలి మీద బెంగ అనుకున్నాను గానీ దానికో పేరుందని తెలియదు. మాత్రలిచ్చాడు, సరే. మాత్రలతోపాటు తెల్లారగానే వెళ్లి చెరువులో చన్నీళ్లలో దిగి చూడమన్నాడా? నిన్ను పెంచినన్నాళ్లూ తాగే నీళ్లు కూడా గోరువెచ్చగా చేసి ఇచ్చాను నేను. దిగులుగా ఉన్నవాణ్ణి వెచ్చగా కూర్చోబెడతారు గానీ చెరువులోకి తోలతారా ఎవరైనా? ఆ డాక్టరుకి పెళ్లయిందో లేదో, తల్లి ఉందో లేదో కనుక్కో.

పార్సిల్లో ఉన్ని టోపీ, రెండు జతల మేజోళ్లు పంపుతున్నాను. నీళ్లలో దిగేటప్పుడు వేసుకో.

ఇక్కడ కూర్చుని బెంగపడుతున్న,
పెద్దమ్మ

తా.క.: రెండో జత ఎందుకంటే, మొదటి జత తడుస్తుంది.

* * *

పెద్దమ్మకి,

నమస్కారాలు. కిటికీ మూశాను.

డాక్టరుగారికి పెళ్లయింది. తల్లి ఉంది. ఆవిడ కూడా చెరువుకి వస్తారు.

ఇది మాత్రలకి బదులు కాదు. కొందరికి పనిచేస్తుందట, కొందరికి చెయ్యదట, చూద్దామన్నారు. నా గుండె పరీక్ష చేశాకే పంపారు. ఒడ్డున బోర్డుంది. మెల్లగా దిగాలి, గుండె జబ్బూ బీపీ ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా దిగకూడదు, మెడదాకా, రెండు నిమిషాలే, ఒంటరిగా ఎవరూ దిగకూడదు. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన ఈల వేస్తే అందరూ దిగుతారు, మళ్లీ వేస్తే ఎక్కుతారు. మొదట సూదులు గుచ్చినట్టుంటుంది, ఊపిరి ఆగినట్టుంటుంది. తర్వాత ఒళ్లంతా మేలుకున్నట్టుంటుంది. ఆ కాసేపు తలలో ఏ ఆలోచనా ఉండదు. రోజూ వెళ్తున్నాను. నువ్వు బెంగపెట్టుకోకు.

ఇట్లు,
చిన్నోడు

తా.క.: మేజోళ్లు వేసుకొని వెళ్లాను. కండక్టరుగారు ముగ్గుర్ని పిలిచి చూపించారు.

* * *

చిన్నోడికి,

ఒంటినిండా బట్టలతో ఉన్నావనుకుంటూ పెద్దమ్మ రాసేది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివినకొద్దీ అయోమయంగా ఉంది. ఊపిరి ఆగినట్టుంటుందని నువ్వే రాశావు, బెంగపెట్టుకోవద్దనీ నువ్వే రాశావు. రెండూ ఒకే కాగితం మీద.

ఎదురింటి టైలరమ్మని అడిగాను. “తలలో ఆలోచన లేకపోతే మంచిదేగా పిన్నీ” అంది. “ఆలోచన లేనివాడికి బయటికి రావాలని ఎలా తెలుస్తుందే” అన్నాను. “అందుకే ఈల” అంది. అంటే, ఈల వినపడకపోతే? కండక్టరుకి సరిగ్గా అప్పుడే దగ్గొస్తే?

రెండు నిమిషాలు ఎంతో తెలుసుకుందామని గోడ గడియారం ముందు నిలబడి చూశాను. ఈలోగా పాలు పొంగి పొయ్యంతా పారాయి. అంతసేపు నువ్వు నీళ్లలోనా.

అందుకని పెరట్లో బట్టలారేసుకునే తాడు విప్పి పంపుతున్నాను. ఒక కొస నడుముకి కట్టుకో, రెండో కొస కండక్టరుగారి చేతికివ్వు. ముప్పై ఏళ్లు బస్సులో గంట తాడు లాగిన చెయ్యి, పట్టు తప్పదు. ఆయనకి విడిగా చీటీ పెట్టాను.

గడియారం ముందే నిలబడి ఉన్న,
పెద్దమ్మ

తా.క.: మా బట్టలు కుర్చీల మీద ఆరుతున్నాయి. టైలరమ్మ నిలబడే మాట్లాడి వెళ్తోంది.

* * *

పెద్దమ్మకి,

పూర్తిగా పొడిగా ఉన్న చిన్నోడి నమస్కారాలు.

తాడు అందింది. నీ చీటీని కండక్టరుగారు అందరికీ వినపడేలా చదివారు. “అయ్యా, వీడు పుట్టినప్పటి నుంచీ చేతిలోంచి జారిపోయే రకం, రెండు ముళ్లు వెయ్యండి.” అక్కడ పద్నాలుగు మంది ఉన్నారు పెద్దమ్మా. నాకు నలభై ఒక్క ఏళ్లు.

నేను నడుముకి కట్టుకోలేదు. ఒడ్డున ఇనప స్తంభానికి కట్టారు. డాక్టరుగారి అమ్మ దాన్ని పట్టుకొని దిగుతున్నారు. ఇకమీదట దయచేసి ఏమీ పంపకు. నాకు బాగానే ఉంటోంది. షాపు వచ్చేవారం తెరుస్తాను.

ఇట్లు,
చిన్నోడు

తా.క.: తాడుతోపాటు నీ బట్టల క్లిప్పులు ఆరు వచ్చేశాయి. తువ్వాళ్లకి పనికొచ్చాయి.

* * *

చిన్నోడికి,

పెద్దమ్మ ధైర్యంగా రాసేది.

షాపు వచ్చేవారం తెరుస్తానని నువ్వు చెప్పడం ఇది నాలుగోసారి. బాగానే ఉంటోందని రాసిన చోట నీ అక్షరాలు చిన్నవైపోయాయి. బాగా ఆలోచించాను. నీకు చలి కాదు కష్టం. పద్నాలుగు మంది ఉన్నా అక్కడ నీవాళ్లెవరూ లేరు.

అందుకని నేనూ మొదలుపెట్టాను. స్నానాల గదిలో సిమెంటు తొట్టి నిండా నీళ్లు పట్టి, పొద్దున్నే ఏడింటికి, మెడదాకా, రెండు నిమిషాలు. ఇవాళ్టికి ఎనిమిదో రోజు. టైలరమ్మ ఈల వేస్తోంది. నాకు చలి అసలు వెయ్యడం లేదు. సూదులూ లేవు, ఏమీ లేవు. మెత్తగా ఉంది.

ఇకమీద ఏడింటికి నువ్వక్కడ, నేనిక్కడ. నీళ్లలో ఉన్నంతసేపూ గుర్తుంచుకో.

తొట్టిలోంచి ఇప్పుడే లేచిన,
పెద్దమ్మ

తా.క.: ఒంటరిగా ఎవరూ దిగకూడదని బోర్డు మీద ఉందన్నావుగా. అందుకే.

* * *

పెద్దమ్మకి,

ముందు తొట్టిలోంచి బయటికి రా. తర్వాత చదువు.

నీకు డెబ్బై నాలుగేళ్లు. రోజూ బీపీ మాత్ర వేసుకుంటావు. బోర్డు మీద ఆ లైను నీలాంటివాళ్ల కోసమే రాశారు. ఇవాళే ఆపెయ్.

ఒక నిజం చెప్పాలి. నేను ఇంతవరకు చెరువులో దిగలేదు.

ఐదు వారాలు రోజూ వెళ్లిన మాట నిజం. ఒడ్డున కూర్చుని పద్నాలుగు మంది తువ్వాళ్లూ కళ్లద్దాలూ కాపలా కాశాను. సూదులు గుచ్చినట్టుంటుందని కండక్టరుగారు చెబితే రాశాను. మేలుకున్నట్టుంటుందన్నది డాక్టరుగారి అమ్మ మాట. దిగుదామని లేచేవాణ్ణి. ఎందుకు లేచానో తెలిసేది కాదు. మళ్లీ కూర్చునేవాణ్ణి. ఎవరూ తొందరపెట్టలేదు. నువ్వేమో నా అబద్ధం చదివి నిజంగా తొట్టిలో కూర్చున్నావు.

నిన్న నీ ఉత్తరం తువ్వాళ్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఏడయింది. అక్కడ మా పెద్దమ్మ మెడదాకా మునిగి ఉంది, ఇక్కడ నేను క్లిప్పులు పెడుతున్నాను అనిపించింది. సిగ్గేసింది. తాడు పట్టుకొని దిగాను. అరిచాను. ఏమని అరిచానో నీకు రాయకూడదు. ఒడ్డెక్కాక పళ్లు టకటకా కొట్టుకుంటుంటే ఆకలేసింది. ఈ నాలుగు నెలల్లో నాకు ఆకలి వెయ్యడం అదే మొదలు.

దీంతో అంతా నయమైపోయిందని కాదు. మాత్రలు మానొద్దని డాక్టరుగారు మళ్లీ చెప్పారు. నిన్న మధ్యాహ్నం షాపు షట్టరు సగం ఎత్తి, ఒక అలారం గడియారం విప్పాను. ఇవాళ ఎత్తలేదు. రేపు చూడాలి.

తల దించుకొని,
చిన్నోడు

తా.క.: నీ సంగతి డాక్టరుగారికి చెప్పాను. నీకు వేణ్ణీళ్లే రాశారు.

* * *

చిన్నోడికి,

నీళ్ల జోలికే పోని పెద్దమ్మ ఆశీస్సులు.

నేను తొట్టిలో దిగలేదురా.

మొదటి రోజు నీళ్లు పట్టిన మాట నిజం. మోచెయ్యి ముంచాను. నా కేకకి టైలరమ్మ ఏం పగిలిందోనని కత్తెరతో సహా పరిగెత్తుకొచ్చింది. ఆ నీళ్లతో వారమంతా గిన్నెలు తోముకున్నాను. నువ్వొక్కడివే అక్కడ వణుకుతున్నావని ఊరుకోలేక అలా రాశాను. రాస్తే తోడున్నట్టుంటుంది కదా అనుకున్నాను. అది చదివి నువ్వు దిగుతావని నాకేం తెలుసు? ఎప్పుడో దిగావనుకున్నాను.

ఇప్పుడు ఎవర్ని ఎవరు కోప్పడాలో తెలియడం లేదు. నీ ఉత్తరమూ, ఇంతవరకు రాసిన ఇదీ టైలరమ్మకి చదివి వినిపించాను. మిషను ఆపి మరీ వింది. “అయితే మీ ఇద్దరి అబద్ధాలకీ వాడికి ఆకలేసిందా పిన్నీ” అంది.

నాకు ఒక్కటే బాధ. ఈ ఐదు వారాలూ పడాల్సిన బెంగంతా పడ్డాను. ఊపిరికి వేరే, ఈలకి వేరే, జలుబుకి వేరే. అదంతా ఒడ్డున పొడిగా కూర్చున్నవాడి కోసం పడ్డానన్నమాట. ఇప్పుడు నువ్వు నిజంగా దిగావు. మళ్లీ మొదటినుంచీ పడాలి. ఈ వయసులో నాకు ఓపికెక్కడిది?

అయినా పడతాను. రేపు ఏడింటికి మొదలుపెడతాను. షట్టరు ఎత్తిన రోజు ఎత్తానని రాయి, ఎత్తని రోజు ఎత్తలేదని రాయి. బాగానే ఉందని మాత్రం రాయకు.

వేణ్ణీళ్లు కాచుకుంటున్న,
పెద్దమ్మ

తా.క.: ఆకలేసిందన్నావు. ఏం తిన్నావో రాయలేదు.