దుంపలు తవ్వేదాకా

ఓనరమ్మగారికి, మీ ఇంట్లో అద్దెకుంటున్న రేడియో మెకానిక్ నమస్కరించి రాసేది.

ఇల్లు అమ్మేస్తున్నాం, ఖాళీ చెయ్యమని రాశారు. అలాగే చేద్దును గానీ, పెరట్లో బంగాళాదుంపలు వేశాను. మొలకలొచ్చిన దుంపలు పారెయ్యబుద్ధికాక పాతిపెడితే మోకాలెత్తు లేచాయి. పంట చేతికి రాగానే వెళ్ళిపోతాను.

మీ అద్దె మనిషి

తా.క. ఒంటరి ముసలివాడికి ఎవరూ గది ఇవ్వడం లేదు. "రేపేదైనా అయితే ఎవరికి కబురు చెయ్యాలి?" అంటున్నారు. ఎవరూ తోచక మీ పేరు చెప్పాను.

రేడియోగారికి,

సరే, దుంపలు తవ్వేదాకా ఉండండి. తవ్విన మర్నాడు తాళాలు ఇచ్చెయ్యాలి. మా అల్లుడి మాటంటే మాటే.

ఇంటి ఓనరు

తా.క. మొక్క మొదట్లోకి మట్టి ఎగదోస్తూ ఉండండి. మీ వాలకం చూస్తే దుంపలు కొమ్మలకి కాస్తాయని చూసేలా ఉన్నారు. కబురుకి నా పేరెందుకు? నేను మీకంటే పెద్దదాన్ని. ఎవరైనా చిన్నవాళ్ళని చూసుకోండి.

ఓనరమ్మగారికి,

కొంప మునిగింది. ఆకులు పసుపెక్కి మొక్కలన్నీ వాలిపోయాయి. నా చెయ్యి అలాంటిది. మళ్ళీ మొదట్నించీ వేస్తాను, ఇంకో మూడు నెలలు ఓపిక పట్టండి.

మీ దురదృష్టవంతుడు

తా.క. కొమ్మలకి కాశాయి కూడా. చిన్న చిన్న పచ్చటి కాయలు. కూర వండుకుంటాను.

రేడియోగారికి,

ఆ కాయలు విషం, తినకండి. ఇంట్లో మనిషి పోతే బేరం చెడుతుందని మా అల్లుడు రాయమంటున్నాడు. మొక్క ఎండిందంటే పంట పోయినట్టు కాదు, చేతికొచ్చినట్టు. వెంటనే తవ్వండి.

ఓనరు

తా.క. వెంటనే తవ్వకండి. తొక్క ముదరాలి.

ఓనరమ్మగారికి,

తవ్వాను. గోలీల్లా ఉన్నాయి. ఇంకా ఊరతాయేమోనని మళ్ళీ కప్పేశాను.

మీ అద్దె మనిషి

తా.క. కూర చల్లారుతుండగా మీ ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ పుణ్యమా అని బతికాను. పుణ్యమో కాదో ఇంకా తేల్చుకోలేదు.

రేడియోగారికి,

మీరు మందులకి వెళ్ళినప్పుడు మా అల్లుడు కొనేవాళ్ళతో వచ్చి తానే తవ్వాడు. గోలీలు కావు, పిడికిలంతేసి దుంపలు, కడిగి, తుడిచి, మళ్ళీ పాతిపెట్టినవి బయటపడ్డాయి. కడిగి పాతిపెట్టే మనిషిని ఎక్కడా చూడలేదని ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వు. నేను నవ్వలేదు. సాయంత్రం అమ్మకం కాగితాల మీద నాచేత సంతకం పెట్టించుకున్నాడు. ఒకటో తారీకుకి ఖాళీ చెయ్యండి.

ఇది నేనొక్కదాన్నే కూర్చుని రాస్తున్నాను. ఇదివరకటి ఉత్తరాలు అతను చెబితే రాసినవి. తాజా కలాలు మాత్రం అతను చూశాక అంటించేముందు చేర్చినవి. మీరెంతకాలం తవ్వకుండా ఉంటే నాకంత మంచిది. ఇక్కడ ఎవరైనా మాట తూలితే "మా ఇంటికి నేను పోతాను" అనేదాన్ని. అల్లుడింట్లో ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాటతోనే నెట్టుకొచ్చాను. నిన్న పొద్దున కాఫీ దగ్గర మాట వచ్చింది. అలవాటుగా నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. చాలా ఏడుపొచ్చింది.

ఇల్లు లేని ఓనరు

తా.క. మీకెక్కడైనా గది దొరికితే, పక్కన ఇంకోటి ఖాళీగా ఉందేమో కనుక్కోండి. ఎవరికని అడిగితే నా వయసు మాత్రం చెప్పకండి.