కాండక్ట్ సర్టిఫికెట్‌లో మీరు రాసిన మాట

హెడ్మాస్టర్ సారూ,

మీరు పోయి రెండు నెలలైంది. అందరూ 'గుడ్' అని రాసే చోట మీరు ఒక్కొక్కరికీ ఇప్పుడెవరూ వాడని ఇంగ్లీషు మాట వెతికి రాసి, అర్థం చెవిలో చెప్పేవారు. పోయిన వారం ఫారెస్ట్ గార్డు ఇంటర్వ్యూలో ఆఫీసరు నా 'సూత్‌ఫాస్ట్' దగ్గర ఆగాడు.

"ఏందిది? డిక్షనరీల లేదు. నువ్వే రాసుకున్నవ్ గదా?"

"మా సారు రాసిండ్రు సార్."

"అయితే పిలిపించు."

జవాను తలుపు దగ్గరకు వేశాడు.

"ఒప్పుకుంటే కేసు పెట్టను. 'గుడ్' అని ఇంకోటి తెచ్చుకో, ఉద్యోగం నీదే."

"అవ్ సార్. నేనే రాసుకున్న."

సోమవారం డ్యూటీలో చేరుతున్నాను. సూత్‌ఫాస్ట్ అంటే అబద్ధమాడనివాడని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు సారూ.